పురుగు పట్టని రేడియేటర్

ఐస్ ఫ్యాక్టరీ వెనక సందు,
మార్చి 3

బావగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం, బండి తప్ప. అక్కడ మీరిద్దరూ క్షేమమనే తలుస్తాను, నీ నడుము తప్ప.

అసలు సంగతికి వస్తాను. నీ మెకానిక్ షెడ్డు మూసేసి వెళ్తూ నువ్వు నా చేతిలో పెట్టిన ముసలి వ్యాను, అదే మన గున్న, రెండు నెలలుగా నన్ను ఏడిపిస్తోంది. ఐసు దిమ్మలు ఎక్కించుకుని బయలుదేరినప్పుడు బాగానే ఉంటుంది. కొండ రోడ్డు సగం ఎక్కేసరికి వేడి చూపించే సూది ఎర్రగీత దాటేస్తుంది. బానెట్ సందుల్లోంచి బుస్సుమని ఆవిరి. వెనక నలభై దిమ్మల ఐసు, ముందు మరిగే కుండ, మధ్యలో నేను. ఆపాలి, చల్లారనివ్వాలి, నీళ్ళు పొయ్యాలి, మళ్ళీ ఎక్కాలి. అవతలి వైపు రేవుకి చేరేసరికి తొమ్మిది దాటిపోతోంది. పడవల్లోంచి దిగిన చేపలు ఐసు కోసం నోళ్ళు తెరుచుకుని చూస్తుంటాయి. వాటికంటే పెద్దగా నోరు తెరుచుకుని రేవు పెద్దావిడ నిలబడి ఉంటుంది.

నిన్న ఆవిడ తెగేసి చెప్పింది. "అబ్బాయ్, మే ఒకటి నుంచి ఎర్రలారీ వాడు ఐసు తెస్తానంటున్నాడు. వాడిది కొత్త బండి. ఈలోగా వరసగా ఆరు రోజులు తొమ్మిదిలోపు దింపావా, నిన్ను కదిలించను. లేకపోతే నీ దారి నీది" అంది. నాకున్నది ఈ ఒక్క దారే కదా బావా, ఆ కొండ దారి.

ఇక్కడి మెకానిక్‌కి చూపించకపోలేదు. విచిత్రమంతా అక్కడే ఉంది. ఆయన దగ్గరికి తీసుకెళ్ళిన రోజు మాత్రం గున్న బుద్ధిగా కొండెక్కి, బుద్ధిగా దిగింది. సూది కదిలితే ఒట్టు. "బండికేం లేదు, నీకే ఏదో ఉంది" అని పంపేశాడు. డాక్టరు గది గుమ్మం తొక్కగానే జ్వరం తగ్గిపోయే పిల్లల్లా ఉంది దీని వరస.

నువ్వొక్కసారి వచ్చి ఇంజన్ చప్పుడు వింటే చాలు. రోడ్డు అవతల కూర్చుని టీ తాగుతూ, వెళ్ళే బండి చప్పుడు విని "దానికి రెండో ప్లగ్గు పోయింది" అన్నవాడివి నువ్వు. బస్సెక్కు బావా.

అన్నట్టు, గున్నకి కొత్తగా నీలం రంగు వేయించాను. వచ్చినప్పుడు చూద్దువుగాని.

నీ బామ్మర్ది


మూడో అంతస్తు, మెట్ల పక్క వాటా,
మార్చి 9

ఒరేయ్ బామ్మర్దీ,

నీ ఉత్తరం అందింది. బండి ఉడుకుతుంటే రంగు వేయించావా? ముసలి గుర్రానికి కాటుక పెడితే పరిగెత్తుతుందట్రా? నా షెడ్డులో ముప్ఫై ఐదేళ్ళు ఒకటే నియమం. బండికి పని చేయించుకోవడానికి రండి, పెళ్ళికూతుర్ని చెయ్యడానికి రాకండి అనేవాణ్ణి. రాతలు, బొమ్మలు, కుచ్చులు తగిలించుకొచ్చిన వాళ్ళను గేటు దగ్గరే విప్పించేవాణ్ణి. గుర్తుంది కదా?

నేను రాలేను. నడుము. ఆరు గంటలు బస్సులో కూర్చుంటే నన్ను చుట్ట చుట్టి దింపుకోవాలి. ఉత్తరంలో చెప్తాను, చెప్పింది చెప్పినట్టు చెయ్యి. సొంత తెలివి ఐసు మీదే వాడుకో.

ముందు, బండి పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తియ్యి. వేడి మీద తీశావో, ముఖం ఉడికిన వంకాయ అవుతుంది. నీళ్ళు తుప్పు రంగులో ఉంటే కింద మర విప్పి మొత్తం వదిలెయ్యి. మంచినీళ్ళు పోసి, తేటగా వచ్చేదాకా కడుగు. మూత లోపలి రబ్బరు చూడు, చిట్లి ఉంటే మూత మార్చు. ఫ్యాను బెల్టును వేలితో నొక్కు, అర అంగుళం కంటే ఎక్కువ లోపలికి పోతే బిగించు.

మీ అక్క బాగుంది. ఈ మధ్య గట్టిగా మాట్లాడటం అలవాటు చేసుకుంది, ఎందుకో తెలియదు.

బావ


ఐస్ ఫ్యాక్టరీ వెనక సందు,
మార్చి 17

బావా,

రాతలా? బొమ్మలా? నేనా? ఛ, నీ దగ్గర పెరిగినవాణ్ణి, నాకా మాత్రం తెలియదా. ఆ సంగతి వదిలెయ్యి.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. తుప్పు నీళ్ళు రెండు బకెట్లు వచ్చాయి. మా ఇంటావిడ ఉతికి ఆరేసిన బట్టల మీదికే వచ్చాయి. నీ చెల్లెమ్మ ఆ రోజు నన్ను ఏమన్నదో రాయను, అన్నయ్యగారి మీద గౌరవం కొద్దీ నీ పేరు మాత్రం ఎత్తలేదు. మూత మార్చాను. బెల్టు బిగించాను. మర్నాడు గున్న అదే మలుపులో, అదే రాయి పక్కన, అంగుళం అటూ ఇటూ కాకుండా మరిగింది. ఆ రాయికీ దీనికీ ఏ జన్మ బంధమో!

మొన్న అయితే తెచ్చిన నీళ్ళు కూడా అయిపోయాయి. ఏం చెయ్యను? ఐసు దిమ్మ ఒకటి పగలగొట్టి, కరిగించి రేడియేటర్లో పోశాను. సరుకే తాగేసింది బావా ఇది. రేవు పెద్దావిడ దిమ్మలు లెక్కపెట్టి "ఇంకోటేది?" అంది. "ఇంజన్లో ఉంది" అన్నాను. చేపలు తట్టలకెత్తుతున్న ఆడవాళ్ళంతా తట్టలు కింద పెట్టి మరీ నవ్వారు. పెద్దావిడ మాత్రం నవ్వలేదు.

నీ నడుముకి బస్సు పడదన్నావు. పోనీ, మీ కింద వాటా వాళ్ళకి ఫోనుందిగా. నువ్వు లైన్లో ఉంటే, ఫ్యాక్టరీ ఫోను తీగ కిటికీలోంచి బయటికి లాగి ఇంజన్ దగ్గర పెడతాను, వింటావా? అదీ కుదరదంటావేమోనని ఇంకో ఉపాయం చేశాను. పాప టేప్ రికార్డరుతో గున్న చప్పుడు పది నిమిషాలు పట్టాను. క్యాసెట్టు ఇందులోనే పంపుతున్నాను. విని రోగమేమిటో చెప్పు.

నీ బామ్మర్ది


మూడో అంతస్తు,
మార్చి 25

ఒరేయ్ బుద్ధిమంతుడా,

మరుగుతున్న ఇంజన్లో ఐసు నీళ్ళు పోశావా? సలసల కాగే పాలు పోసిన గాజు గ్లాసును చన్నీళ్ళలో పెడితే ఏమవుతుంది? ఇంజన్ దిమ్మ నిలువునా చీలిపోయేది. అది నా చేతి పని గనక బతికింది. ఇంకెప్పుడూ అలా చెయ్యకు.

ఫోన్లూ గీన్లూ వద్దు. కింద వాటావాళ్ళు మంచివాళ్ళు కారు.

క్యాసెట్టు విన్నాను. జాగ్రత్తగా, మొదటి నుంచి చివరిదాకా విన్నాను. ఇంజన్ ప్రాణం గట్టిదే. ట్యాపెట్లు కొంచెం కొడుతున్నాయి. వయసు మీద పడ్డాక ఆ మాత్రం దగ్గు ఉంటుంది. మధ్యమధ్యలో పైస్థాయిలో ఒక కీచు వస్తోంది చూడు, అది బెల్టు. ఇంకొంచెం బిగించు. ఆయాసపడి ఆగుతోంది, మళ్ళీ అందుకుంటోంది. ఆ ఆగడమే నాకు నచ్చలేదు.

ఇక థర్మోస్టాట్ చూడు. ఇంజన్ పైన, పెద్ద రబ్బరు గొట్టం మొదట్లో ఉంటుంది. నీళ్ళు వేడెక్కితే తెరుచుకునే చిన్న తలుపనుకో. దాన్ని ఊడదీసి, గిన్నెలో నీళ్ళు పోసి స్టౌ మీద పెట్టి మరిగించు. తెరుచుకుంటే మంచిది. మూసుకునే ఉంటే దొంగ దొరికినట్టే.

బావ


ఐస్ ఫ్యాక్టరీ వెనక సందు,
ఏప్రిల్ 2

బావగారికి,

థర్మోస్టాట్ మరిగించాను. మీ చెల్లెమ్మ టీ గిన్నెలోనే. చక్కగా నోరు తెరిచింది. ఆ గిన్నెలో ఇక టీ పెట్టనని ఆవిడా నోరు తెరిచింది. దొంగ ఆ తలుపు కాదు.

ఇప్పుడు మనసులో మాట రాస్తాను, కోపం తెచ్చుకున్నా సరే. నిన్న పాప ఏడుస్తూ వచ్చింది. బడిలో పాటల పోటీకి అది సాధన చేసుకుని పట్టుకున్న క్యాసెట్టు కనిపించడం లేదట. టేప్ రికార్డరులో ఉన్నది పెట్టి చూస్తే అందులో గున్న గుర్రుగుర్రుమంటోంది. అంటే నేను నీకు పంపింది పాప పాట! పది నిమిషాలూ అదే.

నువ్వు మొదటి నుంచి చివరిదాకా విన్నానన్నావు. మా పాప గొంతులో నీకు ట్యాపెట్లు వినపడ్డాయా? బెల్టు బిగించమన్నావే, ఎవరికి బిగించను? పాటల టీచరుకి చెప్పనా?

రాస్తుంటే నవ్వొస్తోంది గానీ, రాసేశాక నవ్వు రావడం లేదు బావా. నువ్వు ఆ క్యాసెట్టు పెట్టనే లేదు. ఊరికే కూర్చుని నోటికొచ్చింది రాసి పంపావు. నా బతుకు ఆ కొండ మీద ఆవిరైపోతుంటే నీకు పది నిమిషాలు తీరిక లేకపోయింది. ఫోనొద్దు, బస్సొద్దు, టేపొద్దు. బావమరిది బతక కోరతాడంటారు. మరి బావ ఏం కోరతాడో సామెతలో చెప్పలేదు. నీకు చెప్పుకోవడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

నువ్వు శ్రద్ధ పెట్టకపోయినా, నేను పెట్టిన శ్రద్ధకు లోటు లేదని తెలియడానికి ఇది కూడా రాస్తున్నాను. నువ్వు కడగమన్న రేడియేటర్ను మూడు వారాలుగా అద్దంలా ఉంచాను. బానెట్ ఎత్తి రోజూ చూస్తున్నాను. ఒక్క పురుగు లేదు, ఒక్క రెక్క లేదు, దుమ్ము లేదు. మొన్న గాలీవానలో ఎదురుగాలికి కొండెక్కి వచ్చినా దాని మీద చుక్క తడి పడలేదు. అంత చల్లగాలిలోనూ మరిగింది. ఇంతకంటే నేనేం చెయ్యను?

ఇంకా నాలుగు వారాలుంది. ఆరు రోజుల్లో ఒక్క రోజు కూడా ఇంకా మొదలుకాలేదు.

ఇట్లు


మూడో అంతస్తు,
ఏప్రిల్ 8

బామ్మర్దీ,

క్యాసెట్టు సంగతి తర్వాత. ముందు ఇది చదువు.

ముప్ఫై ఐదేళ్ళు రేడియేటర్లలోంచి చిమ్మెటలూ తూనీగలూ ఏరినవాణ్ణి. ఒకసారి పిచ్చుక ఈక కూడా దొరికింది. రోడ్డు మీద తిరిగే బండి రేడియేటర్లో పురుగు పట్టకపోతే దానికి కారణాలు రెండే. ఒకటి, బండి ఇంకా అమ్ముడుపోలేదు. రెండు, దాని ముందు ఏదో అడ్డం ఉంది. వానలో ఎదురుగాలికి వెళ్తే రేడియేటర్ నిలువునా తడవాలి. చుక్క పడలేదంటే గాలి కూడా తగల్లేదన్న మాట. గాలి తగలకపోతే నువ్వు ఎన్ని నీళ్ళు పోసినా, ఎన్ని తలుపులు మరిగించినా అది ఉడుకుతూనే ఉంటుంది.

బండి ముందు ఏం తగిలించావు? నిజం రాయి.

బావ

తమ్ముడూ, ఈ వెనక వైపు నేను రాస్తున్నాను. ఉత్తరం డబ్బాలో వేసేది నేనే గనక మీ బావకి తెలియదు. ఆయన క్యాసెట్టు పెట్టలేదనుకోకు. పెట్టారు. రోజంతా పెట్టారు. రికార్డరు చెవికి ఆనించుకున్నారు, తర్వాత బల్ల మీద పెట్టి దాని మీద అరచెయ్యి ఉంచి కళ్ళు మూసుకున్నారు. వంటింట్లోంచి నాకు పాప పాట వినపడుతోంది. పిల్ల పాట పంపావని మురిసిపోయి నేనూ వింటూ ఉన్నాను. ఆయన దాన్ని ఇంజన్ అనుకుంటున్నారని నాకేం తెలుసు. నీ ఉత్తరం చదివి ఆయన బాల్కనీలోకి వెళ్ళిపోయారు. అప్పుడు అర్థమైంది.

రెండేళ్ళుగా ఆయనకి వినపడటం లేదురా. ఎడం చెవి పూర్తిగా పోయింది, కుడిది కొద్దిగా మిగిలింది. షెడ్డు మూసింది నడుము కోసం కాదు. ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నారు. నీకు చెప్పి ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. నువ్వు శంఖం అన్న మాట దగ్గర ఆయన వేలు ఆగిపోయింది.

అక్క


ఐస్ ఫ్యాక్టరీ వెనక సందు,
ఏప్రిల్ 23

బావా,

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నీ ఉత్తరం చదువుతూనే నా చెయ్యి నెత్తి మీదికి వెళ్ళింది. నిజం రాస్తున్నాను. తిట్టు, నీ ఓపిక ఉన్నంతసేపు తిట్టు.

జనవరిలో రంగు వేయించినప్పుడు ఒక రేకు బోర్డు చేయించాను. గున్న మొహం ఎంత వెడల్పో అంత వెడల్పు. పసుపు మీద ఎర్రక్షరాలు. రేడియేటర్ ముందుండే జల్లెడ మీద నాలుగు బోల్టులతో బిగించాను. దాని మీద "బావగారి దీవెన" అని రాయించాను. అందరూ అమ్మ దీవెన, నాన్న దీవెన అని రాయించుకుంటారు. నాకు బండి ఇచ్చింది నువ్వు, స్టీరింగ్ పట్టడం నేర్పింది నువ్వు. నువ్వు వచ్చి చూసినప్పుడు నీ ముఖం ఎలా ఉంటుందో చూడాలనుకున్నాను. ఈలోగా నువ్వు రాతలు, బొమ్మలు అని విరుచుకుపడ్డావు. ఇక ఎలా చెప్పను?

ఇంకో తెలివి కూడా విను. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళిన రోజు బోర్డు మీద గీతలు పడతాయని విప్పి ఇంట్లో పెట్టి వెళ్ళాను. గున్న ఆ రోజెందుకు బుద్ధిగా ఉందో ఇప్పుడు తెలిసింది కదా. రోగాన్ని ఇంట్లో మంచం కింద దాచి, రోగిని ఒక్కదాన్నే డాక్టరుకి చూపించాను.

నీ ఉత్తరం అందిన రోజే బోర్డు విప్పేశాను. మర్నాడు కొండెక్కుతూ సూది చూస్తూ కూర్చున్నాను, రోడ్డు కూడా సరిగ్గా చూడలేదు. ఆ మలుపు వచ్చింది. ఆ రాయి వచ్చింది. రాయి వెళ్ళిపోయింది! సూది సగంలో కూర్చుని కదల్లేదు. ఒక్కణ్ణే క్యాబిన్లో కేక పెట్టాను. ఎనిమిదింబావుకి రేవులో ఉన్నాను. పెద్దావిడ ముందు గడియారం చూసింది, తర్వాత సూర్యుణ్ణి చూసింది, తర్వాత నన్ను చూసింది. అలా ఆరు రోజులూ. ఆరో రోజు "సరేలే, ఎర్రలారీ వాడికి నేను చెప్పుకుంటాలే" అంది. అంతే బావా, ఆవిడ నోటి నుంచి అంతకంటే మంచి మాట ఈ రేవులో ఎవరూ వినలేదు. బోర్డేదని కూడా అడిగింది. పసుపు బోర్డు కనపడకపోయేసరికి దూరం నుంచి వేరే బండి అనుకుందట.

పాపకి వేరే క్యాసెట్టు పట్టించాను. పోటీలో రెండో బహుమతి వచ్చింది. పై స్థాయిలో కొంచెం కీచుమందని టీచరుగారు చెప్పారు. అంటే నువ్వు చెప్పింది నిజమే.

శంఖం అని ఒక మాట రాశాను. ఆ కాగితం చింపెయ్యి. ఆ మాట రాసిన చేతిని ఏం చేసినా పాపం లేదు. నీకు శ్రద్ధ లేదన్నాను, అది కూడా తప్పు. సిగ్గుగా ఉంది బావా.

ఒక్కసారి రా. ఏమీ వినొద్దు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు చాలు. ఆ బోర్డు మాత్రం పారెయ్యడానికి చేతులు రావడం లేదు. అక్షరాల మేర రేకు కత్తిరించి, వాటిలోంచి గాలి వెళ్ళేలా చేసి మళ్ళీ బిగించనా?

నీ బామ్మర్ది


మూడో అంతస్తు,
ఏప్రిల్ 29

ఒరేయ్ బామ్మర్దీ,

బానెట్ మీద చెయ్యి పెట్టమన్నావు. అంటే మీ అక్క రాసేసింది. నాకు ముందే తెలుసులే. ఆవిడ పెన్ను నొక్కి రాస్తుంది. కింద నా తెల్లకాగితాల కట్ట మీద ప్రతి అక్షరం అచ్చు పడింది. వెలుతురుకి ఏటవాలుగా పట్టి మొత్తం చదివాను. చెవులు పోయాయి గానీ కళ్ళింకా ఉన్నాయి. ఒట్టు సంగతి మీ అక్కకి నేను ఎత్తలేదు, నువ్వూ ఎత్తకు.

ఇక నా వైపు నిజం. షెడ్డు మూసే ముందు ఒకాయన కారు తెచ్చి "ఏదో చప్పుడు" అన్నాడు. నాకేం వినపడలేదు. "ఏం లేదు, వెళ్ళండి" అని పంపాను. పది మైళ్ళు వెళ్ళాక ఇంజన్ పట్టేసింది. ఎవరికీ ఏం కాలేదు. ఆ సాయంత్రమే తాళం వేశాను. చప్పుడు వినలేని మెకానిక్ అంటే ఉప్పు తెలియని వంటవాడు. నువ్వు ఎప్పుడు రాసినా "వచ్చి విను బావా" అంటావు. వచ్చి నీ ముందు నిలబడి ఏం వినను? భయమేసింది. నిన్నగాక మొన్న స్టీరింగ్ నేర్పిన పిల్లాడి ముందు చెవిటివాణ్ణని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. నేను దాచకపోతే మార్చిలోనే వచ్చేవాణ్ణి. వస్తే గేటు దగ్గరే ఆ రేకు పీకించేవాణ్ణి. నువ్వు దాచకపోతే మొదటి ఉత్తరానికే తేలిపోయేది. ఇద్దరం దొంగలమే. మధ్యలో ఆ ముసలి ఇంజన్ ఉడికింది.

శంఖం కాగితం చింపను. నేను వచ్చినప్పుడు నిజంగా ఊది చూపించు, పట్టుకుని చూస్తాను.

రేకు కత్తిరించకు. అక్షరాల సందుల్లోంచి వచ్చే గాలి ఇంజన్ ఒక మూలకి కూడా చాలదు. దాన్ని తీసుకెళ్ళి క్యాబిన్ పైన, నీ తల మీదుగా బిగించు. కొండ మీద గాలికి ఊడిపోకుండా వెనక రెండు కడ్డీలు పెట్టు. బోర్డు ఎక్కడా గాలికి అడ్డం రాకూడదు. దీవెనన్నది నెత్తి మీద ఉండాలిరా, ముక్కు మూసెయ్యకూడదు.

శనివారం బస్సుకి మేమిద్దరం వస్తున్నాం. నడుముకేం కాదు, నా నడుము ఎప్పుడూ బాగానే ఉంది. కొండ దాకా గున్నలో నేనూ వస్తాను. డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటాను, నువ్వు మాట్లాడకు, రోడ్డు చూడు.

మీ ఇంటికి వచ్చాక పాపను మళ్ళీ పాడమను. నా కుడివైపు కూర్చోబెట్టు, దగ్గరగా. ఆ చెవి ఇంకా కొంచెం పనిచేస్తుంది.

బావ